బాకీ ఉందని ఫోన్ వస్తే ముందు ఆధారం అడగండి

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చినవి చాలావరకు ఒకే కష్టాన్ని చెబుతున్నాయి. ఎవరో ఫోన్ చేస్తారు, మీరు అప్పు కట్టలేదంటారు, కట్టకపోతే పరువు తీస్తామంటారు. వాటిలో నాలుగు ఉత్తరాలను ఎంచుకుని, పేర్లు తీసేసి, క్లుప్తంగా ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: మాది తిరుపతిలోని కొర్లగుంట. ఇంట్లోనే జాకెట్లు కుట్టుకుంటూ సంసారం నెట్టుకొస్తున్నాను. మా ఆయన 2019లో కంతుల మీద మోటార్ సైకిల్ కొన్నారు, 2022 నాటికి కంతులన్నీ కట్టేశాము. కిందటి నెల ఒకతను ఫోన్ చేసి, ఆ అప్పులో ఇంకా 18,640 రూపాయలు మిగిలి ఉందని, బెంగళూరు కోర్టులో కేసు పడిందని, రెండు గంటల్లో కట్టకపోతే సాయంత్రానికి పోలీసులు ఇంటికి వస్తారని చెప్పాడు. మా ఆయన పేరు, బండి నంబరు కూడా సరిగ్గానే చెప్పాడు. వాట్సాప్‌లో కోర్టు నోటీసు పంపాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడక 3,000 రూపాయలు పంపేశాను. ఇప్పుడు మిగతాది కట్టమని రోజూ ఫోన్ చేస్తున్నాడు. మా ఆయనకు ఇంకా చెప్పలేదు. బాకీ నిజంగా ఉందా? నా డబ్బు తిరిగి వస్తుందా?

సమాధానం: అమ్మా, అన్నిటికంటే ముందు చేయవలసిన పని చెబుతాను. మీరు ఇంకా ఫిర్యాదు చేయకపోతే, ఇది చదవడం ఆపి 1930 నంబరుకు ఫోన్ చేయండి. సైబర్ మోసాల్లో డబ్బు పోగొట్టుకున్నవారి కోసం దేశమంతటికీ ఉన్న నంబరు అది. మీరు డబ్బు పంపిన రోజు, సమయం, మొత్తం, యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే కనిపించే 12 అంకెల నంబరు, అవతలివాడి యూపీఐ చిరునామా, అతను ఫోన్ చేసిన నంబర్లు ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. ఇవే వివరాలను సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ వెబ్‌సైటులో కూడా నమోదు చేయవచ్చు. మీ బ్యాంకు శాఖలో కూడా లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. దొంగల చేతికి చిక్కిన డబ్బు గంటల్లోనే ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిపోతుంది కాబట్టి, ఫిర్యాదు ఎంత తొందరగా అందితే అంత డబ్బును మధ్యలో నిలిపివేసే వీలుంటుంది. నెల గడిచిపోయింది గనుక మీ 3,000 తిరిగి వస్తుందని నేను మాట ఇవ్వలేను. అయినా ఫిర్యాదు చేయండి, ఎందుకంటే ఆ ఖాతాలోకి ఈ రోజు కూడా మీలాంటి ఇంకొకామె డబ్బు పంపుతూ ఉండవచ్చు.

ఇక ఆ నోటీసు సంగతి. మీరు ఉత్తరంతో పాటు పంపిన నకలు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. పైన మూడు సింహాల గుర్తు అడ్డంగా సాగి ఉంది. దాని కింద పెద్ద అక్షరాలతో ‘సిబిల్ కోర్టు, బెంగళూరు’ అని ఉంది. సిబిల్ అనేది కోర్టు కాదమ్మా. మనం తీసుకున్న అప్పులను ఎలా తీరుస్తున్నామో లెక్క రాసి పెట్టే ఒక ప్రైవేటు సంస్థ అది, దానికి వారంటు ఇచ్చే అధికారం లేదు. కేసు నంబరు ఉండవలసిన చోట ఒక సెల్ నంబరు ఉంది. న్యాయమూర్తి సంతకం ఉంది గానీ దాని కింద పేరు లేదు. అన్నిటికంటే దిగువన క్యూఆర్ కోడ్ ఉంది, దాని పక్కనే ‘అరెస్టు తప్పించుకొనుటకు వెంటనే చెల్లించండి’ అని రాసి ఉంది. ఎవరో ఒక వ్యక్తి ఖాతాకు డబ్బు వెళ్లే కోడ్‌ను ఏ కోర్టూ తన నోటీసు కింద అచ్చు వేయదు. ఆ ఒక్క గుర్తు చాలు, అది దొంగ కాగితమని చెప్పడానికి.

అందులో ‘సెక్షన్ 420’ అన్న మాట కూడా ఉంది. 2024 జులై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మోసానికి సంబంధించిన సెక్షన్ ఇప్పుడు 318. అయితే ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత సెక్షన్లే వర్తిస్తాయి కాబట్టి, 420 అన్న అంకె కనిపించినంత మాత్రాన ఒక కాగితాన్ని దొంగదని తేల్చేయకూడదు. కోర్టు కేసు నిజంగా ఉందో లేదో తెలుసుకోవాలంటే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో కేసు నంబరుతో గానీ పేరుతో గానీ ఉచితంగా వెతకవచ్చు. అలా వెతకడం మీకు రాకపోతే తిరుపతి కోర్టు ప్రాంగణంలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సహాయం ఉచితంగా అందాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టమే చెబుతోంది.

పోలీసులు సాయంత్రానికి ఇంటికి వస్తారన్న మాట మిమ్మల్ని ఎంత వణికించిందో మీ అక్షరాలే చెబుతున్నాయి. అందుకే ఇది స్పష్టంగా రాస్తున్నాను: బండి కంతు కట్టలేకపోవడం అనేది దానికదే నేరం కాదు. అప్పు ఇచ్చినవారు సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు, ఒప్పందం ప్రకారం బండిని స్వాధీనం చేసుకోవచ్చు. తప్పుడు పత్రాలు పెట్టి అప్పు తీసుకున్నప్పుడో, ఇచ్చిన చెక్కు బౌన్స్ అయినప్పుడో, అలాంటి కొన్ని సందర్భాల్లో మాత్రమే క్రిమినల్ కేసుల ప్రస్తావన వస్తుంది. చెక్కు విషయంలో కూడా ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, చెల్లించడానికి 15 రోజుల గడువు ఇవ్వాలి. పోలీసులు విచారణకు రమ్మని ఇచ్చే నోటీసులను వాట్సాప్‌లో పంపితే సరిపోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. రెండు గంటల గడువు పెట్టి, ఫోన్లో డబ్బు తీసుకుని, అరెస్టును ఆపే పద్ధతి మన చట్టంలో ఎక్కడా లేదు.

బాకీ ఉందా లేదా అన్న అనుమానం మీ మనసులో ఇంకా మిగిలే ఉంటుంది, దాన్ని కూడా తీర్చుకోవాలి. బండి పత్రాల సంచి తీసి, అప్పు తీరిపోయినట్టు ఫైనాన్సు సంస్థ ఇచ్చిన ఎన్‌ఓసీ ఉందేమో చూడండి. ఆర్‌సీ మీద ఆ సంస్థ పేరు తాకట్టు కింద ఇంకా ఉందో, తీసేశారో చూడండి. కంతులు పూర్తయ్యాక ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 తీసుకుని రవాణా శాఖ కార్యాలయంలో ఆ పేరు తీయించుకోవాలి. ఈ పని వాయిదా వేసినవాళ్లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు, అలా వదిలేస్తే బండి అమ్మేటప్పుడు ఇబ్బంది పడతారు. ఆపైన, అప్పుల లెక్కలు రాసే నాలుగు సంస్థలూ, అంటే సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్, ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మీ ఆయన పేరు మీద ఆ నివేదిక తెప్పించుకుంటే, 2019 నాటి అప్పు ముగిసిందని అందులో రాసి ఉందో లేదో మీ కళ్లతో మీరే చూడవచ్చు. ఏదైనా మిగిలిందని కనిపిస్తే, అప్పు ఇచ్చిన సంస్థ శాఖకు మీరే వెళ్లి లెక్క అడగండి. ఫోన్ చేసినవాడు ఇచ్చిన నంబరుకు మాత్రం తిరిగి ఫోన్ చేయకండి. ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించే ‘కస్టమర్ కేర్’ నంబర్లలో కూడా దొంగవి ఉంటాయి కాబట్టి, పాత రసీదు మీదో ఒప్పంద పత్రం మీదో అచ్చయి ఉన్న నంబరునే వాడండి.

పేరు, బండి నంబరు వాడికి ఎలా తెలిశాయని మీరు అడగలేదు గానీ, మిమ్మల్ని నమ్మించింది అదే. మనం ఒక బండి కొనేటప్పుడు ఆధార్, పాన్ నకళ్లు ఎన్ని చేతులు మారతాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి. షోరూములో ఒకటి, ఫైనాన్సు కుర్రవాడి సంచిలో ఒకటి, జిరాక్స్ షాపులో సరిగా పడలేదని బుట్టలో పారేసింది ఒకటి. వాటిలో ఏది బయటికి పోయిందో ఇప్పుడు చెప్పలేము. మన వివరాలు తెలిసినంత మాత్రాన వాడికి మన మీద హక్కు ఏర్పడదు. ఇకపై నకలు ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా ఎందుకోసం ఇస్తున్నారో, ఏ తేదీన ఇస్తున్నారో రాసి సంతకం చేయండి.

అతను మళ్లీ ఫోన్ చేస్తాడు. అప్పుడు వాదించవద్దు, ఏడవవద్దు, తిట్టవద్దు. ‘మీ సంస్థ పేరు, అప్పు ఖాతా నంబరు, మిమ్మల్ని నియమించిన పత్రం రాతపూర్వకంగా పంపండి, నేను సంస్థతోనే మాట్లాడుకుంటాను’ అని ఒక్కసారి చెప్పి పెట్టేయండి. నిజమైన ఏజెంటుకు ఈ మాటతో ఏ ఇబ్బందీ ఉండదు. దొంగ మాత్రం గొంతు పెంచుతాడు, లేదా ‘సార్’ అంటూ ఇంకొకడికి ఫోన్ ఇస్తాడు. ఆధార్ నంబరు, ఓటీపీ, పుట్టిన తేదీ సరిచూసుకోవడానికని అడిగినా చెప్పకండి. ఫోన్లో ఏ యాప్ వేసుకోమన్నా వేసుకోకండి. నక్షత్రం గుర్తుతో మొదలయ్యే కోడ్ ఏదైనా నొక్కమంటే నొక్కకండి, మీకు రావలసిన ఫోన్లు వాడి నంబరుకు మళ్లిపోయే కోడ్‌లు అలాగే ఉంటాయి. ఇంకో నెల పోయాక ‘మీరు పోగొట్టుకున్న 3,000 మేము తిరిగి ఇప్పిస్తాము, ముందు ఫీజు కట్టండి’ అని మరొకరు ఫోన్ చేయవచ్చు. ఒకసారి డబ్బు పంపినవారి నంబర్లు వాళ్లలో వాళ్లు పంచుకుంటారు.

చివరగా, ఈ రాత్రే మీ ఆయనకు చెప్పండి. 3,000 పోయిందన్న కోపం రెండు రోజులు ఉంటుందేమో. కానీ ఇంట్లో తెలియకూడదన్న మీ భయమే వాడికి పెట్టుబడి, అది ఉన్నంతకాలం వాడు అడుగుతూనే ఉంటాడు. ఇద్దరూ కలిసి స్టేషన్‌కు వెళ్లండి.

ప్రశ్న: నేను చిత్తూరు దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మాతో పనిచేసే ఒకరు ఏదో యాప్‌లో అప్పు తీసుకున్నారట. ఆయన కట్టలేదని, ఆయన ఇచ్చిన నంబర్లలో నాది ఉంది కాబట్టి నేనే జామీనుదారునని, నా జీతం నుంచి కోత పెట్టిస్తామని బెదిరిస్తున్నారు. నేను ఎక్కడా సంతకం చేయలేదు.

సమాధానం: సంతకం చేయకపోతే మీరు జామీను కారు, మీరు ఒక్క రూపాయి కూడా కట్టనవసరం లేదు. జామీను అనేది ఒక ఒప్పందం. సంతకం చేసినవారి బాధ్యత 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానంగా ఉంటుంది, అందుకే సంతకం చేసేముందు పదిసార్లు ఆలోచించమని పెద్దలు చెబుతారు. కానీ ఎవరో తమ ఫోన్లో మీ నంబరు దాచుకున్నందుకో, దరఖాస్తులో పరిచయస్తుల కింద రాసినందుకో ఆ బాధ్యత మీ మీదికి రాదు. కోర్టు ఉత్తర్వు లేకుండా ఫోన్ చేసిన ఏజెంటు మాట మీద మీ జీతంలో ఎవరూ కోత పెట్టలేరు. అప్పు తీసుకున్నవారి కుటుంబ సభ్యులను, స్నేహితులను, పరిచయస్తులను వేధించకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. ఆ నంబర్లను కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైటులో, అనుమానాస్పద ఫోన్ల మీద ఫిర్యాదు తీసుకునే చక్షు విభాగంలో నమోదు చేయండి. మీ సహోద్యోగిని మాత్రం నలుగురిలో నిలదీయకండి, ఆయనకు కూడా ఇవే ఫోన్లు మీకంటే ఎక్కువగా వస్తూ ఉంటాయి.

ప్రశ్న: తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. పరీక్ష ఫీజు కోసం ఒక యాప్‌లో 5,000 అప్పు అడిగితే 3,100 మాత్రమే ఖాతాలో పడింది. ఏడో రోజున 5,000 కట్టేశాను. తర్వాత వేరే వేరే నంబర్ల నుంచి ఫోన్లు చేసి ఇంకా 9,000 బాకీ అంటున్నారు. నా ఫొటోను అసభ్యంగా మార్చి, మా అమ్మానాన్నలకు, ఫోన్లో ఉన్న అందరికీ పంపుతామంటున్నారు. ఒకటి మా అక్కకు పంపారు కూడా. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

సమాధానం: నాయనా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇందులో నువ్వు చేసిన నేరం ఏదీ లేదు, నేరం చేసింది వాళ్లు. నిద్ర పట్టనివ్వని ఆ ఆలోచనలు మరీ ఎక్కువైతే, ఏ సమయంలోనైనా 14416కు ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఈ రాత్రి ఒంటరిగా గదిలో ఉండకు, నీకు నమ్మకమున్న స్నేహితుణ్ణి పక్కన ఉండమని అడుగు.

ఇంకొక్క రూపాయి కూడా పంపకు. కట్టినకొద్దీ ఆగిపోతారని అనుకోవడం సహజమే, కానీ జరిగేది దానికి విరుద్ధం. నువ్వు 5,000 కట్టగానే, బెదిరిస్తే కట్టగలిగినవాడివని వాళ్లకు తెలిసింది, అందుకే లెక్క 9,000 అయింది. 3,100 చేతికిచ్చి వారానికి 5,000 లాగడంలోనే వాళ్లు ఎలాంటివాళ్లో తెలుస్తోంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పు సొమ్ము అనుమతి పొందిన బ్యాంకు లేదా ఫైనాన్సు సంస్థ ఖాతా నుంచి నేరుగా అప్పు తీసుకున్నవారి ఖాతాకు రావాలి, తిరిగి కట్టేది కూడా నేరుగా ఆ సంస్థ ఖాతాకే వెళ్లాలి. మధ్యలో ఎవరి సొంత యూపీఐ చిరునామా ఉండకూడదు. ఫోన్లోని కాంటాక్టులను, ఫొటోలను అప్పు యాప్ తీసుకోకూడదు. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ముందే కాగితం మీద చూపించాలి. ఇవేవీ పాటించని యాప్ తరఫున వచ్చే ఫోన్‌ను అప్పు వసూలు అనడం కూడా తప్పే, అది బెదిరించి డబ్బు గుంజడం. దానికి భారతీయ న్యాయ సంహితలో 308, 351 సెక్షన్లు ఉన్నాయి. అసభ్యమైన చిత్రాలను పంపడం ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద నేరం.

యాప్‌ను వెంటనే తీసేయకు. ముందు అందులో నీ అప్పు వివరాలు, కట్టిన రసీదు, వాళ్ల సందేశాలు, అక్కకు వచ్చిన ఫొటో, ఏ నంబరు నుంచి ఏ సమయానికి వచ్చిందో అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, మీ అక్క ఫోన్లో గానీ ఈమెయిల్లో గానీ దాచు. ఆ తర్వాత ఫోన్ సెట్టింగుల్లో కాంటాక్టులు, ఫొటోలు, కెమెరా అనుమతులు తీసేసి, అప్పుడు యాప్ తొలగించు. 1930లోనూ సైబర్‌క్రైమ్ వెబ్‌సైటులోనూ ఫిర్యాదు నమోదు చెయ్యి, దగ్గరలోని పోలీసు స్టేషన్‌కు వెళ్లు. ఏ స్టేషన్ పరిధి అన్నది నీ సమస్య కాదు, పరిధితో నిమిత్తం లేకుండా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత అనే కొత్త చట్టం చెబుతోంది. అక్కడ పని కాకపోతే సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ ఇవ్వు.

తర్వాత నీ కాంటాక్టుల్లో ఉన్నవారందరికీ నువ్వే ఒక సందేశం పంపు. ‘నా ఫోన్లోని వివరాలు దొంగలించారు. నా పేరుతో తప్పుడు ఫొటోలు, డబ్బు అడిగే సందేశాలు రావచ్చు. తెరవవద్దు, నంబరు నాకు పంపండి, పోలీసులకు ఫిర్యాదు చేశాను’ అంటే చాలు. వాళ్లు చెబుతామని బెదిరిస్తున్నదాన్ని నువ్వే ముందు చెప్పేస్తే వాళ్ల దగ్గర ఇంకేం మిగలదు. అమ్మానాన్నలకు నువ్వు చెప్పలేకపోతే అక్క చేత చెప్పించు. కన్నవాళ్లు కోప్పడతారేమో గానీ నిన్ను వదులుకోరు.

ప్రశ్న: నగరిలో నాకు రెండు మరమగ్గాలు ఉన్నాయి. బ్యాంకులో 2 లక్షల అప్పు ఉంది, నూలు ధర పెరిగి మూడు కంతులు ఆగిపోయిన మాట నిజం. రాత్రి తొమ్మిదిన్నరకు ఒకతను ఫోన్ చేసి, లక్షా పది వేలకు సెటిల్‌మెంట్ చేస్తాను, రేపే నా నంబరుకు పంపమంటున్నాడు. ఇది దొంగ ఫోనా, నిజమైనదా?

సమాధానం: మీ అప్పు నిజమైనది కాబట్టే మీరు మరింత జాగ్రత్తగా ఉండాలి. నిజంగా బాకీ ఉన్నవాడు ఎదురు ప్రశ్న వేయడానికి వెనకాడతాడని ఆ ఫోన్ చేసేవారికి తెలుసు. బాకీ ఉన్నా సరే, అడిగేవాడెవడో నిలదీసి తెలుసుకునే హక్కు మీకుంది.

బాకీ పడిన అప్పు కోసం ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత ఏజెంట్లు ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టు నాటి ఆదేశాల్లో రిజర్వు బ్యాంకు చెప్పింది. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఇచ్చే సూక్ష్మ రుణాల విషయంలో ఆ సమయం ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. కాబట్టి తొమ్మిదిన్నరకు ఫోన్ చేసినవాడు దొంగైనా కావాలి, నిబంధన మీరిన ఏజెంటైనా కావాలి. ఇద్దరిలో ఎవరైనా మీరు డబ్బు పంపకూడదు. నిజమైన ఏజెంటు బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం, గుర్తింపు కార్డు చూపిస్తాడు, డబ్బు మీ అప్పు ఖాతాలోనే జమ చేయమంటాడు.

రేపు ఉదయం పాసుపుస్తకం తీసుకుని మీ శాఖకు వెళ్లండి. ఆ నంబరు తమ ఏజెంటుదేనా అని మేనేజరును అడగండి, అవును అంటే ఏజెన్సీ పేరు రాయించుకోండి. నూలు ధర సంగతి, ఆర్డర్ల సంగతి చెప్పి, కంతు తగ్గించి గడువు పెంచమని దరఖాస్తు ఇవ్వండి. తప్పించుకు తిరిగే బాకీదారుకంటే ఎదురుగా వచ్చి కూర్చున్న బాకీదారుకు బ్యాంకులో ఎక్కువ దారులు దొరుకుతాయి, ఇది నేను చాలాసార్లు చూశాను. వేళకాని వేళ ఫోన్ల మీద కూడా అక్కడే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఎలా చేయాలో 14448 నంబరులో చెబుతారు.

సెటిల్‌మెంట్ గురించి ఒక్క మాట. ఎంతకు ఒప్పుకున్నారో, ఏ తేదీలోపు కట్టాలో, కట్టాక మిగతా బాకీ రద్దవుతుందో లేదో బ్యాంకు లెటర్‌హెడ్ మీద, అధికారి సంతకంతో పత్రం చేతికి వచ్చేవరకు డబ్బు కట్టకండి. సెటిల్‌మెంట్‌తో తీరిన అప్పు మీ సిబిల్ నివేదికలో పూర్తిగా కట్టిన అప్పులా కనిపించదు, రేపు మరో మగ్గానికి అప్పు అడిగినప్పుడు అది అడ్డు రావచ్చు. అందువల్ల గడువు పెంచడానికి బ్యాంకు ఒప్పుకుంటే మీకు అదే మేలు. ఏ దారి ఎంచుకున్నా డబ్బు కౌంటరులో మీ అప్పు ఖాతా నంబరుకే కట్టి, రసీదు మీద ఆ నంబరు సరిగ్గా పడిందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి.